బోర్డర్ షుగర్ అన్నారని బెంగపడుతున్న మా చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి, కావలి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతు వింటే నాకు నిద్ర పట్టలేదు. పరగడుపున షుగర్ 112, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ అంటారే, అది) 6.1 వచ్చిందని, ఇక నీ పని అయిపోయిందని అన్నావు. అయిపోలేదు నాయనా. పరగడుపున 100 నుంచి 125 వరకు, ఆ మూడు నెలల పరీక్షలో 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాన్ని బోర్డర్ అంటారు, అంటే షుగర్ వ్యాధి ఇంకా రాలేదు, దాని అంచున ఉన్నావని. ఇక్కడి నుంచి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ పెదనాన్నకూ పదకొండేళ్ల కిందట ఇలాంటి కాగితమే ఇచ్చారు. "బోర్డరేగా" అని బీరువాలో పంచెల కింద పెట్టేశారు. ఇప్పుడు రోజుకు రెండు ఇంజెక్షన్లు. నిరుడు కాలికి ముల్లు గుచ్చుకుంటే పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. రోజూ కట్టు కట్టింది నేనే. నువ్వు ఆ కాగితాన్ని దాచేయొద్దు.

ముందు ఒక గ్లూకోమీటర్, అదే ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్, కొనుక్కో. ఎల్లకాలం గుచ్చుకోనక్కర్లేదు, రెండు వారాలు చూస్తే చాలు. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఒకసారి. ఏం తిన్నావో పక్కనే రాసుకో. రెండు గంటలకు 140 లోపు ఉంటే ఆ భోజనం నీకు పడినట్టు. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా ఆరాక, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చు, నొప్పి తక్కువ. నేనొకసారి మామిడిపండు కోసిన చేత్తోనే గుచ్చుకుని 210 చూసి హడలిపోయాను. కడుక్కుని మళ్లీ చూస్తే 138. స్ట్రిప్పుల డబ్బా మన ఎండల్లో బండి డిక్కీలో పెట్టొద్దు, పాడైపోతాయి. ఇంటి మిషన్ ల్యాబ్ లెక్కకు కొంచెం అటూ ఇటూ చూపిస్తుంది, పదికీ పదిహేనుకీ టెన్షన్ పడకు.

ఇక అన్నం. నెల్లూరు వాళ్లం, మానేయమంటే నేనే మానను. కానీ మన చేపల పులుసుకు ఎంత అన్నం పోతుందో నీకు తెలియదా? అందులోనూ రెండో రోజు పులుసైతే అడగనే అక్కర్లేదు. చేప ముక్కలు కావాల్సినన్ని తిను, వాటితో షుగర్ పెరగదు. పెంచేది కలుపుకునే అన్నం. ముందు కూర, ముక్క తిను, అన్నం ఆఖరున పెట్టుకో. అది కూడా ఒక చిన్న గిన్నెతో కొలిచి ఒక్కసారే. రాగులు, కొర్రలు మంచివే, కానీ అవీ పిండిపదార్థమే. రాగి జావ మంచిదని పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగితే నాకు 190 దాటింది. జావ కంటే సంగటి ముద్ద నయం, అదీ చిన్నది, పక్కన ఆకుకూర పప్పు ఉండాలి. పొద్దున మూడు కారం దోసెల బదులు పెసరట్టు వేసుకో. షాపులో రోజుకు నాలుగు టీలు తాగుతావు కదా, రెండేసి చెంచాలంటే ఎనిమిది చెంచాల చక్కెర. ముందు అది తీసెయ్.

నడక సంగతి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచి, బరువులో 7 శాతం తగ్గితే షుగర్ వ్యాధిలోకి జారే ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో అమెరికాలో తేల్చారు. నీ 80 కిలోలకు అయిదారు కిలోలు. రాత్రి భోజనం కాగానే పదిహేను నిమిషాలు వీధిలో నడువు, దాని ఫలితం మిషన్లోనే కనిపిస్తుంది. వేసవిలో అయితే తెల్లారక ముందే నెల్లూరు స్వర్ణాల చెరువు వైపు వెళ్లు. షాపులో గంటల తరబడి కూర్చోకు, గంటకోసారి లేచి నాలుగు అడుగులు వెయ్యి.

మందు కావాలో వద్దో డాక్టరుగారు చెప్పాలి. ఎవరో పొడి ఇచ్చారని మింగొద్దు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించు. రక్తహీనత ఉంటే ఆ సగటు తప్పు చూపించవచ్చు, హిమోగ్లోబిన్ కూడా చూపించుకో.

వచ్చే ఆదివారం కావలి రా. మిషన్ మర్చిపోకు. పులుసు చేస్తాను, తిన్నాక ఇద్దరం స్టేషన్ దాకా నడిచొద్దాం. రెండు గంటలకు నీ వేలు నేనే గుచ్చుతాను.

నీ పెద్దమ్మ