తిరుపతిలో పాత ఇల్లు: మిద్దె, బయటి గోడలు ఏ కాలంలో చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నలు ఉంటున్న తిరుపతి ఇంటికి ఇరవై ఏళ్లు దాటాయి, మీరు బెంగళూరు నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు వస్తారు, వచ్చినప్పుడు ఇంటి బయట ఏమేం చూడాలి, ఏ పని ఎప్పుడు పెట్టించాలి అని. నేనుండేది కపిలతీర్థం వైపు. మా ఇల్లూ దాదాపు అదే వయసుది. పై వాటా అద్దెకిచ్చాను కాబట్టి ఎక్కడ కారినా మొదటి ఫోను నాకే వస్తుంది.

వానాకాలానికి ముందు అంటే జూన్ అని వీడియోల్లో చెప్తుంటారు. అది ముంబై లెక్క, హైదరాబాదు లెక్క. మనకు జూన్‌లో ఇంకా ఎండే కాస్తుంటుంది. మనల్ని ముంచేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టిందంటే రెండు మూడు రోజులు తెరిపి ఉండదు. 2021 నవంబరు 18 నాటి వాన మీ అమ్మానాన్నలు మరిచిపోయి ఉండరు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి, స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయింది, వీధులు ఏరులైపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు కూడా ఎడతెరిపి లేని వానే. కాబట్టి మీ క్యాలెండరు జూన్ చుట్టూ కాదు, వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా ఉన్న కాలం చుట్టూ వేసుకోండి.

ఇక్కడ చాలామంది ఇళ్లలో జరిగేది చెప్తాను. మిద్దె నవంబరులో కారుతుంది, బేల్దారి మేస్త్రికి ఫోనూ అప్పుడే పోతుంది. ఆయన వచ్చి తడి స్లాబు మీదే ఏదో పూత పూసి డబ్బులు తీసుకుని వెళ్తాడు. వచ్చే నవంబరుకు అది పొరలు పొరలుగా లేచి వస్తుంది. పూతల్లో ఎక్కువ భాగం పూర్తిగా ఆరిన స్లాబుకే అతుక్కుంటాయి. లోపల చెమ్మ ఉంటే ఎండ తగలగానే అది ఆవిరై పైకి తోసి, పూతను బుడగల్లా లేపుతుంది. అందుకే వాన కాలంలో చేయాల్సింది చూడటం, గుర్తు పెట్టడం. చేయించడం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు స్లాబు ఎండి ఉంటుంది, వాన భయం తక్కువ, పండగ రద్దీ అయిపోయి పనివాళ్లు కూడా దొరుకుతారు. సంక్రాంతికి ముందు పెయింటర్లను పట్టుకోవడం, బ్రహ్మోత్సవాల వారంలో ఊళ్లో ఇసుక లోడు దింపించడం, రెండూ ప్రయత్నించకండి.

వాన పడే రోజుల్లో మీరు ఊళ్లో ఉండలేరు కాబట్టి నాన్నగారికో అమ్మకో ఒక పని అప్పజెప్పండి. పెద్ద వాన వెలిసిన మరుసటి రోజు పై గది కప్పు, గోడల మూలలు, కిటికీల కింద ఫోనుతో ఫొటోలు తీయమనండి. చెమ్మ మచ్చ అంచు చుట్టూ పెన్సిలుతో గీసి పక్కన తేదీ రాయమనండి. మీరు ఫిబ్రవరిలో వచ్చేసరికి మచ్చ ఆరిపోయి ఉంటుంది, కానీ ఆ గీత ఉంటుంది. మేస్త్రి "ఇక్కడేం లేదే సార్" అంటే చూపించడానికి పనికొస్తుంది. ఇంకో సంగతి: మే నెల ఎండలో కూడా ఆరని చెమ్మ వాన వల్ల వచ్చింది కాదు. అది బాత్రూము పైపుదో, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి గోడమ్మట కారేదో అయి ఉంటుంది. గోడ అడుగున మాత్రమే తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులు రాలుతుంటే అది నేలలోంచి పైకి పాకే చెమ్మ. వీటిలో దేనికీ మిద్దె మీద పూత మందు కాదు.

మిద్దె గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే అన్నిటికీ మూలం అదే. చవితి అయిపోయిన వారంలో మిద్దె ఊడ్పించి, నీళ్లు పోయే గొట్టాల మూతి దగ్గర ఆకులు, ఇసుక, పిల్లల బంతులు, పావురాల ఈకలు తీయించండి. పైనుంచి ఒక బకెట్ నీళ్లు పోసి కింద ఎంత ధారగా వస్తుందో చూడండి. సన్నగా వస్తే గొట్టం మధ్యలో ఎక్కడో అడ్డు ఉంది. ఇదేం చిన్న పని కాదు, లెక్క చూడండి. 1200 చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 111 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 మిల్లీమీటర్ల వాన పడి గొట్టాలు మూసుకుపోతే మీ స్లాబు మీద 11 వేల లీటర్లు, అంటే 11 టన్నుల బరువు నిలబడుతుంది. పాత స్లాబు మీద అంత బరువు రాత్రంతా ఉంచడం ఎవరికీ మంచిది కాదు.

ఫిబ్రవరిలో మీరు వచ్చినప్పుడు మిద్దె మీద నీళ్లు చల్లి వాటం, అంటే నీళ్లు గొట్టం వైపు పోయే వాలు, సరిగ్గా ఉందా చూడండి. నీళ్లు ఎక్కడ మడుగు కడితే అక్కడ ముందు వాటం సరిచేయాలి, పూత సంగతి ఆ తర్వాత. నిలిచిన నీళ్లలో ఎంత ఖరీదైన పూతైనా నాలుగు కాలాలు ఉండదు. వాటం సరిచేయకుండా డబ్బా తెరిచే మేస్త్రికి పని ఇవ్వకండి, ఈ విషయంలో నేను మొండి. స్లాబూ పిట్టగోడా కలిసే మూల ఇంకో బలహీనమైన చోటు. అక్కడ పగులు చెక్కి, సిమెంటు కలిపి గుండ్రంగా వాలు పెట్టించాలి. సన్న పగుళ్లను వి ఆకారంలో తెరిచి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించి, ఆ తర్వాత ప్రైమరు, దాని మీద పూత రెండుసార్లు, మూలల దగ్గర ఆ రెండు పూతల మధ్యలో ఫైబర్ మెష్ (సన్నని వల గుడ్డ). అంతా అయ్యాక గొట్టాల మూతులు గుడ్డతో మూసి రెండంగుళాల నీళ్లు ఒకరోజంతా నిలబెట్టి కింద కప్పు చూడండి. చివరి బిల్లు ఈ పరీక్ష తర్వాతే అని ముందే మాట్లాడుకోండి.

ఊళ్లో మాడ వీధుల చుట్టుపక్కల ఇంకా కొన్ని పాత మద్రాస్ మిద్దెలు ఉన్నాయి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి పైన సున్నం కాంక్రీటు పోసినవి. మీది అలాంటిదైతే నేను చెప్పిందంతా పక్కన పెట్టి, సున్నం పని తెలిసిన మనిషిని వెతకండి. దాని మీద సిమెంటు కుమ్మరిస్తే చెమ్మ లోపలే ఉండిపోయి దూలాలు చివికిపోతాయి.

మిద్దె మీద రేకుల షెడ్డు ఉంటే దాన్ని చూడాల్సింది ఏప్రిల్‌కు ముందే. వేసవిలో సాయంత్రం పూట మామిడికాయలు రాల్చే గాలివాన వస్తుంది చూడండి, దానికి రేకులు ముందు లేస్తాయి. హుక్ బోల్టులు తుప్పు పట్టాయా, కింద రబ్బరు వాషర్లు ఎండి పగిలాయా చూసి మార్పించండి. ఎగిరిన రేకు మీ మిద్దె మీదే పడదు, పక్కింటి వాళ్ల మీద పడుతుంది.

గోడల విషయంలో మా ఇంట్లో నేను గమనించింది: తుపాను గాలికి వాన ఎక్కువగా ఉత్తరం, తూర్పు గోడలకే కొడుతుంది, ఎండ మాత్రం పడమటి గోడను తింటుంది. కాబట్టి ఉత్తరం, తూర్పు వైపు కిటికీల చుట్టూ సందులు చూడండి. పడమటి గోడ మీద అరచేతితో రుద్దండి. తెల్లగా పొడి అంటుకుంటే పెయింటు అయిపోయినట్టే. సజ్జ కింద అంచున ఒక గీత ఉంటుంది, వాన నీరు గోడకు పాకకుండా అక్కడే రాలిపోవాలని. ప్రతిసారీ పెయింటర్లు పుట్టీ పెట్టి ఆ గీతను పూడ్చేస్తారు. తెరిపించండి, దానికి పైసా ఖర్చు లేదు.

పగుళ్లన్నీ ఒకటి కావు. పై అంతస్తులో స్లాబుకు సరిగ్గా కింద అడ్డంగా వచ్చే గీత సాధారణంగా ఎండకు స్లాబు వ్యాకోచించడం వల్ల వచ్చేది. మన ఎండలకు అది మామూలే, నీళ్లు దిగకుండా పూడిస్తే చాలు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా దిగే పగులు వేరు. దాని రెండు చివర్లా పెన్సిలుతో గీసి తేదీ రాయండి. ఆర్నెల్లలో గీత దాటి పెరిగిందంటే పునాది కుంగుతోందేమో ఇంజినీరుకు చూపించాలి. మేస్త్రితో పూడ్పించి పెయింటు వేయిస్తే పగులు కనబడదు, అంతే.

సజ్జలను, బాల్కనీ అడుగును ఒక కర్రతో తట్టి చూడండి. డొల్లగా శబ్దం వచ్చినా, తుప్పు రంగు మరకలు కనబడినా లోపల ఇనుము ఉబ్బుతోందన్నమాట. తుప్పు పట్టిన ఇనుము అసలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటు పెచ్చులు ఊడి పడుతుంది. ఊడిన చోట ఉత్త సిమెంటు మెత్తితే మళ్లీ పడుతుంది. ఇనుము మెరిసేదాకా చెక్కి, బ్రష్షుతో రుద్ది, తుప్పు పట్టకుండా పూత వేసి ఆ తర్వాతే మూయాలి. ఇదొక్కటి మాత్రం కాలం కోసం ఆగే పని కాదు. వాకిలి పైన సజ్జ అయితే రేపే చేయించండి.

గోడ పగుళ్లలో రావి మొక్క మొలిచిందేమో చూడండి. పైన తుంచితే మళ్లీ వస్తుంది, వేరు గోడలోనే లావెక్కుతుంది. రెండాకులున్నప్పుడే పగులు తెరిచి వేరుతో సహా తీయించాలి. రావిచెట్టు నరకకూడదంటారు అమ్మావాళ్లు, నిజమే, అందుకే మొక్కగా ఉన్నప్పుడే తీసి వేరేచోట నాటమనండి. ఇక తొలి వానల తర్వాత గుమ్మం దగ్గర ఉసిళ్ల రెక్కలు కుప్పగా రాలి ఉంటే తలుపు చట్రాలు, గోడ అడుగు చూడండి. మట్టి గీతల్లాంటి గొట్టాలు పైకి పాకుతుంటే చెదలు ఇంట్లోకి దారి చేసుకున్నట్టే. మట్టి గీత తుడిచేస్తే పోదు, గోడా నేలా కలిసే చోట రంధ్రాలు వేసి మందు ఎక్కించాల్సిందే.

ప్రహరీ లోపల చూడాల్సింది వాలు. వీధిలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసి, మన గేటు ముందు ఎత్తు పెరిగిపోయింది. చాలా పాత ఇళ్లు ఇప్పుడు రోడ్డుకన్నా పల్లంలో ఉన్నాయి. వీధి నీళ్లు లోపలికి రాకుండా గేటు దగ్గర చిన్న గట్టు, లోపలి నీళ్లు ఇంకుడు గుంతకు పోయే దారి ఉండాలి. ఇంకుడు గుంతలో ఏడాది బురద పేరుకుని ఉంటుంది, సెప్టెంబరులో తీయించకపోతే అది పేరుకే గుంత.

సంపు మూత అంచు నేలకన్నా ఎత్తుగా ఉందో లేదో చూడండి, లేకపోతే మురుగు కలుస్తుంది. సంపు కడిగించే పని మాత్రం వానల్లో పెట్టుకోకండి. 2021 వరదల నెలలోనే ఇక్కడ శ్రీకృష్ణానగర్‌లో వరలతో కట్టిన నేల తొట్టిని కడుగుతుండగా అది భూమిలోంచి పైకి లేచి నిలబడింది. టీవీల్లో అంతా చూశారు, ఏదో మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. భూగర్భ జలం పైదాకా వచ్చినప్పుడు ఖాళీ తొట్టి పడవలా తేలుతుంది. 10 వేల లీటర్ల ఖాళీ సంపును నీళ్లు పైకి తోసే బలం సుమారు 10 టన్నులు, అంతకన్నా తొట్టి బరువు తక్కువైతే లేవక ఏం చేస్తుంది? వేసవిలో కడిగించి, నవంబరులో నిండుగా ఉంచండి.

ఎర్తింగ్ గుంతలో ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి బకెట్ నీళ్లు పోయాలి, నేల ఎండితే ఎర్తింగ్ సరిగా పనిచేయదు. కరెంటు స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ సజ్జకో కొమ్మకో రాసుకుంటుంటే మీరు ముట్టుకోకండి, ఎస్పీడీసీఎల్ లైన్‌మన్‌ను పిలవండి. కొండ వైపు ఇళ్లకు ఇంకో బాధ ఉంది, కోతులు. ప్లాస్టిక్ ట్యాంకు మూతలు పీకి పారేస్తాయి, సోలార్ హీటరు గాజు గొట్టాలు పగలగొడతాయి. మూతకు తీగ చుట్టి కట్టండి. మూత లేని ట్యాంకులో దోమలు పెరుగుతాయి, డెంగీ భయం వానల తర్వాతే ఎక్కువ.

ఖర్చు ఎంత అని కూడా అడిగారు. అడుగుకు ఇంత అని చెప్పే రేటు నమ్మకండి. ఏ పని తర్వాత ఏ పని, ఏ మందు ఎన్నిసార్లు పూస్తారు అని కాగితం మీద రాసివ్వమని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. రాయడానికి ఒప్పుకోని మేస్త్రిని వదిలేయండి. మీరు రెండుసార్లే రాగలిగితే చవితి తర్వాత ఒకసారి, ఫిబ్రవరి చివర్లో ఒకసారి రండి. మధ్యలో ఏం చూడాలన్నా కిందనుంచే చూడమని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ట్యాంకు మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కే అలవాటు ఈ వయసువాళ్లకు ఒక పట్టాన పోదు, వీలైతే ఆ నిచ్చెన మీరు లేనప్పుడు ఎక్కడైనా పెట్టి తాళం వేయండి.