పూల కాగితం గురించి రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, దాంతో పాటు మూడు వ్యాసాలు, నువ్వు చేసిన కార్డు, గోడకు తగిలించే కాగితం చక్రం అన్నీ భద్రంగా అందాయి. నన్ను పిన్నిగారూ అని పిలిచావు కాబట్టి ఆ చనువుతోనే రాస్తున్నాను. పాతికేళ్లకు పైగా వారపత్రికల మహిళల పేజీకి చేతిపనుల శీర్షికలు రాశాను. నీ వయసులో నాకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి నీకు ఇప్పుడే చెప్పేస్తే నాలుగేళ్లు కలిసొస్తాయి.

ముందు మంచి మాట. నీ చేతిలో పనితనం ఉంది. కార్డు మీద అంటించిన నీలం పూల కాగితంలో పెద్ద పువ్వు ఎక్కడా సగానికి తెగలేదు. కాగితాన్ని అటూ ఇటూ జరిపి, పువ్వు మొత్తం లోపల పడేలా చూసుకుని అప్పుడు కోశావు. డిజైను కాగితంతో చేసే పనిలో సగం ఇదే. బొమ్మ ఆ కాగితం మీద ముందే ఉంది, మనం చేసేదల్లా ఎక్కడ కోయాలో కనిపెట్టడం. అయితే నీ వ్యాసంలో ఈ సంగతి ఎక్కడా లేదు. "డిజైన్ పేపర్‌ను కావలసిన సైజులో కత్తిరించుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నీ చేతికి తెలిసిన విషయం నీ రాతలోకి రాలేదు. మూడు వ్యాసాల్లోనూ నాకు కనిపించిన లోటు ఇదొక్కటే.

మొదటి వ్యాసం 1843లో లండన్‌లో హెన్రీ కోల్ మొట్టమొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించడంతో మొదలైంది. సంగతి నిజమే, తెలుసుకోదగ్గదే. కానీ దానికే రెండు పేరాలు పోయాయి. కాగితం ముందేసుకుని కూర్చున్నావిడకు అప్పటికింకా కార్డు ఎంత పొడవుండాలో తెలియదు. చరిత్ర చెప్పాలనిపిస్తే పని మధ్యలో, జిగురు ఆరేదాకా ఆగాల్సిన చోట చెప్పు. అక్కడ ఆవిడకు తీరిక ఉంటుంది.

కథ చదివేవాళ్లకు ఒక వాక్యం అర్థం కాకపోతే మళ్లీ చదువుకుంటారు, పోయేదేమీ లేదు. మన పాఠకులు వేరు. వాళ్ల చేతిలో కత్తెర ఉంటుంది. మన వాక్యం తప్పయితే వాళ్ల కాగితం పాడవుతుంది. అది ఒక్కో షీటూ ఏరుకుని, డబ్బులు పెట్టి కొనుక్కున్న కాగితం.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక సంక్రాంతి సంచికకు గ్రీటింగ్ కార్డు వ్యాసం ఇచ్చాను. ఏ4 షీటును సగానికి మడిచి, డిజైను కాగితం అంటించి, 5 అంగుళాలు వెడల్పు, 7 అంగుళాలు పొడవు ఉండే కవరులో పెట్టమని రాశాను. కొలిచి చూడలేదు, పట్టేస్తుందిలే అనుకున్నాను. ఏ4 సగానికి మడిస్తే 14.8 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. నేను చెప్పిన కవరు 12.7 వెడల్పు, 17.8 పొడవు. పది రోజుల తర్వాత ఒక స్కూలు టీచరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ క్లాసు పిల్లలందరి చేతా కార్డులు చేయించారట. తీరా చూస్తే కవర్లలో పట్టలేదు. చివరికి కార్డుల అంచులు కోసేసి పంపామని రాసి, మచ్చుకు ఒకటి జతచేశారు. అడుగున పిల్లవాడు తన పేరు రాసుకున్నాడు. కోతలో అక్షరాల కింది భాగం పోయింది, పైన తలకట్లు మాత్రం మిగిలాయి. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఆ తర్వాత స్కేలు పెట్టి కొలవకుండా ఒక్క అంకె కూడా రాయలేదు.

నీ కార్డు వ్యాసానికి కొలతలు నేను వేసి చూశాను, నువ్వూ ఒకసారి సరిచూసుకో. ఏ4 ఐవరీ షీటు, 220 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఉన్నది తీసుకుని మధ్యకు కోస్తే రెండు ముక్కలు. ఒక్కో ముక్కనూ 21 సెంటీమీటర్ల వైపు సగానికి మడిస్తే 10.5 వెడల్పు, 14.8 పొడవున్న కార్డు. దాని మీద అంటించే డిజైను కాగితం 9.9 వెడల్పు, 14.2 పొడవు ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్ల తెల్లటి అంచు సమంగా కనిపిస్తుంది. 12 అంగుళాల చదరపు షీటంటే 30.5 సెంటీమీటర్లు. అందులో అడ్డంగా మూడు, నిలువుగా రెండు, మొత్తం ఆరు ముక్కలు వస్తాయి. ఆరింట్లోనూ పువ్వులు ఒకే వైపు తలెత్తి ఉంటాయి. అడుగున 2 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది, దాన్ని కార్డు లోపల బోర్డరుగా వాడుకోవచ్చు. ఒక షీటుకు ఆరు కార్డులు అని రాసి చూడు. చదివేవాళ్లకు ఆ ఒక్క ముక్కతో ఎన్ని షీట్లు కొనాలో తెలిసిపోతుంది. పెద్ద పువ్వు మధ్యలోకి రావాలంటే మాత్రం ఆరు రావు, నాలుగే వస్తాయి. అది కూడా రాయాలి.

మడత సంగతి నువ్వు అసలు ఎత్తుకోలేదు. "మడత దగ్గర కాగితం పగిలినట్టు అవుతోంది, ఏం చేయాలి" అని ఉత్తరంలో నన్నే అడిగావు. నీకొచ్చిన సందేహమే వ్యాసంలో ఉండాల్సిన విషయం. టైలరు గుడ్డకు నిలువు, అడ్డం చూసినట్టే మిల్లు కాగితానికీ ఒక వాటం ఉంటుంది. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు నార ఎక్కువగా ఒకే వైపుకు సర్దుకుంటుంది. ఆ వాటం వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే నార విరిగి తెల్లగా పగులుతుంది. తెలుసుకోవడం తేలికే. షీటును మడత పడకుండా, ఊరికే ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి అరచేత్తో నొక్కి చూడు. ఏ వంపు మెత్తగా లొంగితే, ఆ వంపు గీత వెంటే వాటం. వాటానికి అడ్డంగా మడవక తప్పకపోతే, రీఫిలు అయిపోయిన బాల్‌పెన్ను తీసుకుని స్కేలు వెంట గట్టిగా ఒక గాడి నొక్కి, తర్వాత మడవాలి. చేతి కాగితానికి ఈ బాధ చాలావరకు ఉండదు. జైపూర్ పక్కన సంగానేర్‌లోనూ, 1959 నుంచి పుదుచ్చేరి అరవిందాశ్రమంలోనూ చేసే కాగితం అలాంటిదే. గుజ్జును జల్లెడలాంటి చట్రంతో తేల్చి తీస్తారు కాబట్టి నార అన్ని వైపులకూ కలిసి ఉంటుంది. ఎటు మడిచినా ఒకేలా లొంగుతుంది. ఈ కారణం నాలుగు ముక్కల్లో చెప్తే చాలు, ఇంకో కాగితం చేతికొచ్చినప్పుడు వాళ్లే వంచి చూసుకుంటారు.

ఇక చక్రం. మూడింట్లో నాకు బాగా నచ్చింది అదే, ఎక్కువ దిద్దాల్సిందీ అదే. 12 అంగుళాల షీటులోంచి 2 అంగుళాల పట్టీ కోసి, విసనకర్రలా మడతలు వేసి, రెండు కొసలూ కలిపి అంటిస్తే చక్రం అవుతుందని రాశావు. నేను అలాగే చేశాను. అవలేదు. గిన్నెలా లేచి నిలబడింది గానీ గోడకు ఆనేలా పరుచుకోలేదు. ఎందుకో లెక్క చూడు. పట్టీ వెడల్పు 2 అంగుళాలైతే చక్రానికి కేంద్రం నుంచి అంచు దాకా 2 అంగుళాలు. అంటే అంచు చుట్టుకొలత పన్నెండున్నర అంగుళాల పైమాటే. నీ పట్టీ పొడవు పన్నెండే. మడతలన్నీ సాగదీసినా చాలదు, ఇంక మడతలు నిలిచేదెక్కడ?

తర్వాత నువ్వు పంపిన చక్రాన్ని తిప్పి చూశాను. వెనక రెండు అతుకులున్నాయి. అంటే నువ్వు రెండు పట్టీలు వాడావు. చేసేటప్పుడు ఒకటి చాలక ఇంకొకటి కలిపావు, రాసేటప్పుడు ఆ సంగతి మర్చిపోయావు. అందరికీ జరిగేదే. అందుకే చేస్తున్నప్పుడే పక్కన నోటుబుక్కు పెట్టుకోమంటాను. చేతికి జిగురు అంటుకుని ఉన్నా సరే, అప్పటికప్పుడు రాయి. రెండు పట్టీలు కలిపితే 24 అంగుళాలు, అర అంగుళం మడతలు 48. అతుకు లోపలి మడతలో పడితే ముందు నుంచి కనిపించదు. మధ్యలో వేలితో నొక్కినప్పుడు చక్రం స్ప్రింగులా ఎగిరి లేస్తుంది. వెనక గుండ్రటి అట్టముక్క పెట్టి, జిగురు పట్టేదాకా వదలకుండా పట్టుకోవాలి. అట్లా ఎగిరి లేస్తుందని ముందే చెప్పకపోతే, చేసేవాళ్లు తమ చేతిలోనే ఏదో తప్పుందని అనుకుంటారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. మనం సరిగ్గా రాయకపోతే చదివేవాళ్లు "నాకు ఈ పనులు చేతకావు" అని కత్తెర పక్కన పెట్టేస్తారు.

భాష గురించి ఒక మాట. నీ వ్యాసాల్లో ఒక చోట "అలంకృత పత్రం" అనీ, ఇంకోచోట పూర్తిగా ఇంగ్లీషు పేర్లూ ఉన్నాయి. రెండూ వద్దు. దుకాణంలో ఏమని అడుగుతామో అదే రాయి. చార్టు, ఐవరీ షీటు, గ్లేజు కాగితం, డబుల్ టేపు. చేసే పనికి మాత్రం మనకు చక్కటి మాటలున్నాయి. మడత, గాడి, గాటు, అంచు, అతుకు, పట్టీ, ఐమూలగా కోయడం. వీటిని వదులుకోకు.

పాత శుభలేఖల వ్యాసం చదువుతుంటే మా ఇంటి బీరువా పైఅర గుర్తొచ్చింది. ఇంత మంచి సరుకు మన ఇళ్లలో ఊరికే పడి ఉంటుంది. మందపాటి అట్ట, బంగారు రంగు అచ్చు, నెమళ్లు, మామిడి పిందెలు. వాటిని పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులుగా కోయొచ్చన్నావు, బాగుంది. కానీ వినాయకుడి బొమ్మ సంగతి దాటేశావు. చాలామంది ఆ బొమ్మ ఉండబట్టే పాత శుభలేఖ పారేయలేరు, కత్తెర పెట్టడానికీ మనసొప్పదు. బొమ్మను ముందుగా విడిగా తీసి, బొమ్మల కొలువులో వెనక అట్టకు గానీ, పూజగదిలో చిన్న ఫ్రేముకు గానీ వాడుకోమని మొదటి పేరాలోనే చెప్పు. అప్పుడు మిగతా కాగితాన్ని నిశ్చింతగా కోస్తారు. పసుపు అంటిన మూలలు కోసి పారేయమన్నావు. నేనైతే ఉంచుతాను. అది మరక కాదు, ఆ పెళ్లి గుర్తు.

ఇంకో ఆలోచన ఇస్తాను, నీదిగా రాసుకో. శుభలేఖను చదివింపుల కవరుగా మార్చడం. ఇప్పటి 500 రూపాయల నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 వెడల్పు. కవరు లోపల 16.5 పొడవు, 8 వెడల్పు ఉంటే నోటు మడవకుండా పడుతుంది. 516 ఇచ్చినా 1116 ఇచ్చినా పైన కొంత చిల్లర ఉంటుంది కదా, రూపాయి బిళ్ల జారిపోకుండా పైమడతలో చిన్న జేబు అంటించాలి. బంగారు రేకు అచ్చు ఉన్నచోట జిగురు పట్టదు, అతుకు అక్కడ రాకుండా చూడు. ఒక పెళ్లి శుభలేఖ ఇంకో పెళ్లికి దీవెన మోసుకెళ్లడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

జాగ్రత్తలు చివర్లో చిన్న అక్షరాల్లో వేయకు, పని జరిగే చోటే చెప్పు. పల్చటి కాగితానికి ఫెవికాల్ మందంగా రాస్తే నీరు పీల్చుకుని ముడతలు పడుతుంది. గ్లూ స్టిక్కో డబుల్ టేపో మేలు. బైండింగు వాళ్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కాబట్టి పిల్లలు చేసే పనికి ఆ మాట ఎత్తొద్దు. కాగితం నక్షత్రం, కాగితం లాంతరు రాసినప్పుడు లోపల ఎల్ఈడీ దీపమే పెట్టాలని, ప్రమిద గానీ కొవ్వొత్తి గానీ వద్దని తప్పకుండా రాయి. గోడకు తగిలించేవి ఎండ నేరుగా పడే చోట పెడితే రంగు వెలిసిపోతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో వానాకాలం కాగితం చెమ్మ పట్టి వంకర తిరుగుతుంది. వెనక అట్ట వేయమని చెప్పు.

పత్రికకు పంపేముందు ఒక పని చెయ్యి. వ్యాసం ఒక్కటే, ఫోటో లేకుండా, ఈ పనులు ఎప్పుడూ చేయని ఎవరికైనా ఇవ్వు. మీ తమ్ముడున్నాడన్నావుగా, వాడైనా సరే. పక్కన కూర్చో కానీ నోరు విప్పకు. వాడు ఎక్కడ ఆగి నీ మొహం వైపు చూస్తాడో అక్కడ నీ వాక్యం కుంటుతోందన్నమాట. పెన్సిలుతో అక్కడ గుర్తు పెట్టుకో. నా వ్యాసాలకు మా వారు ఆ పని చేసేవారు. ఆయన కోసిన వంకర ముక్కలు చూసి ఎన్ని వాక్యాలు తిరగరాశానో లెక్కలేదు.

చక్రం వ్యాసం ముందు దిద్ది పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఈ కవరులోనే ఒక చేతి కాగితం షీటు మడవకుండా చుట్టి పెడుతున్నాను, ఎర్రటి మీద బంగారు తీగల డిజైను. కోయడానికి భయపడి దాచుకోకు. బీరువా పైఅరలో శుభలేఖలు అట్టపెట్టెలో సర్ది ఉంచాను. సంక్రాంతికి ఇటువైపు వస్తే తీసుకెళ్లు. వినాయకుడి బొమ్మలు నేను తీసేశాను.

ఇట్లు,
మీ పిన్ని