అమెరికాలో వెట్ స్కూల్ (పశువైద్య కాలేజీ) ఇంటర్వ్యూ: ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కినదాన్ని చెబుతున్నాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. అమ్మాయి న్యూజెర్సీలో డిగ్రీ ఆఖరి ఏడాది, గ్రీన్ కార్డు పోయినేడాదే వచ్చింది, రెండు కాలేజీల నుంచి ఇంటర్వ్యూ పిలుపులొచ్చాయి. ఒకటి ఎంఎంఐ (వరసగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు), ఇంకోటి ముగ్గురు ఎదురుగా కూర్చుని మాట్లాడే మామూలు ఇంటర్వ్యూ. ఎలా సిద్ధం కావాలి, రెండు సీట్లూ వస్తే ఏది తీసుకోవాలి, ఏదీ రాకపోతే కరేబియన్ దీవుల కాలేజీయా, ఇండియాలో బీవీఎస్సీ అనే పశువైద్య డిగ్రీయా అని అడిగారు.

నేను ఇప్పుడు ఒక చిన్న ఊళ్లో కుక్కల్నీ పిల్లుల్నీ, వారానికి ఒకరోజు ఆవుల్నీ చూసే డాక్టర్ని. మొదటి ఏడాది తొమ్మిది కాలేజీలకు అప్లై చేస్తే ఒక్క పిలుపు వచ్చింది, దాన్నీ పోగొట్టుకున్నాను. మరుసటి ఏడాది మూడు పిలుపులు, రెండు సీట్లు. పోగొట్టుకున్న దాని గురించే ఎక్కువ చెబుతాను, సరుకంతా అందులోనే ఉంది.

మాది బాపట్ల దగ్గర పల్లె. పదో తరగతి అయ్యాక ఇక్కడికి వచ్చాం. అప్లికేషన్ వ్యాసంలో మా తాతయ్య గేదె ఈనలేక అవస్థ పడుతుంటే అర్ధరాత్రి పశువుల డాక్టరుగారు వచ్చి, భుజం దాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడను సరిచేసి లాగిన సంగతి రాశాను. వ్యాసం బాగుందనే పిలిచారనుకుంటాను. ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాలు హాయిగా గడిచాయి. అప్పుడు ఒకావిడ అడిగింది: "ఎనిమిదేళ్ల కుక్క, ఏ జబ్బూ లేదు. ఇల్లు మారుతున్నాం, కొత్త చోట కుక్కల్ని ఉంచుకోనివ్వరు, నిద్రపుచ్చేయండి (అంటే మందిచ్చి చంపేయండి) అని ఒక కుటుంబం తీసుకొచ్చింది. ఏం చేస్తావు?"

నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. చెయ్యను అన్నాను. అది పాపం అన్నాను. బాధ్యత లేనివాళ్లు కుక్కల్ని పెంచకూడదు అని కూడా అన్నాను. గొంతు కూడా కాస్త లేచింది. ముగ్గురూ మర్యాదగా తలూపి రాసుకున్నారు. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి అదరగొట్టేశానని చెప్పాను.

సీటు రాలేదు. కొన్ని కాలేజీలు సీటు రానివాళ్లకు తర్వాత ఫోన్లో, ఎక్కడ తగ్గిందో చెబుతాయి. మీవాళ్లకూ ఎప్పుడైనా ఆ అవసరం పడితే మొహమాటపడకుండా అడగండి. నాకు చెప్పిన మాట ఇది: "కుక్క గురించి నువ్వు చాలా మాట్లాడావు. ఆ కుటుంబాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు." ఎందుకు మారుతున్నారో, చుట్టాల్లో ఎవరైనా పెంచుకుంటారేమో, షెల్టర్ వాళ్లతో మాట్లాడారో లేదో, కుక్క ఎవరినైనా కరిచిందా, ఇంట్లో పసిపిల్లలున్నారా, ఏదీ అడగలేదు నేను. ఆఖరికి చెయ్యనని చెప్పినా తప్పేం లేదట. అడగకుండా చెప్పడమే తప్పు.

ఆ రోజుల్లోనే మా ఊరి ఇంకో గేదె గుర్తొచ్చింది. కాలువ గట్టు మీద జారి తొడ ఎముక విరిగింది. లేవదు. చంపడం అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. నాయనమ్మ రోజూ తవుడు, కుడితి నోటి దగ్గర పెట్టేది, గోనెసంచులు మార్చేది, ఈగలు తోలేది. పదకొండు రోజులు అలా పడి ఉండి పోయింది. దానికి మేలు చేశామా, మా మనసుకు మేము మేలు చేసుకున్నామా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. రెండో ఏడాది అలాంటి ప్రశ్నే ఇంకో రూపంలో వస్తే ఈ గేదె సంగతే చెప్పాను, తేలలేదనే చెప్పాను. ఆ గదిలో మొదటిసారి ఎదుటివాళ్లు పెన్ను కింద పెట్టి విన్నారు.

అందుకని మీ అమ్మాయి చేత ముందు మాన్పించాల్సింది బట్టీ. మనం ఎంసెట్ గెస్ పేపర్ల మీద పెరిగిన జాతి. "తరచుగా అడిగే నూరు ప్రశ్నలు" అని ఎక్కడో దొరుకుతాయి, జవాబులు రాసుకుని అప్పజెప్పేస్తాం. అడిగేవాళ్లకు అది మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. దానికి బదులు నేను చేసింది చెబుతాను. ఓ పాత నోటుబుక్కులో, క్లినిక్కులో పనిచేసిన రోజుల నుంచి నాకు జరిగినవి పన్నెండు రాసుకున్నాను. నేను చేసిన తప్పు, నా మీద అరిచిన కస్టమరు, నేను తోడుండగా చనిపోయిన పిల్లి, ఇద్దరు టెక్నీషియన్ల గొడవ మధ్యలో ఇరుక్కున్న రోజు, ఇలాంటివి. ప్రశ్న ఏదైనా ఈ పన్నెండింటిలో ఏదో ఒకటి అతుకుతుంది. కథ తెలుసు కాబట్టి మాటలు అప్పటికప్పుడు పుడతాయి.

మన పిల్లల్లో ఇంకో అలవాటు. "మేము చేశాం, మావాళ్లు చేశారు" అంటాం, "నేను" అనడానికి నోరు రాదు. ఇంట్లో అది మర్యాద. అక్కడ మాత్రం నువ్వేం చేశావమ్మా అని మళ్లీ అడగాల్సి వస్తుంది. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే నేను ఐదు నిమిషాల్లో పద్నాలుగుసార్లు "వుయ్" అన్నాను. గొప్పలు చెప్పక్కర్లేదు, దూడ కాళ్లకు తాడు కట్టింది నేనే అయితే నేనే కట్టానని చెబితే చాలు.

ఎంఎంఐ సంగతి. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు మెడిసిన్ సీట్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత వెట్ కాలేజీలకూ పాకింది. కాలిఫోర్నియాలోని డేవిస్ వెట్ కాలేజీలో ఇదే పద్ధతి. వరసగా గదులు, లేదా జూమ్‌లో అయితే వరసగా మనుషులు. తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంటుంది, చదువుకోడానికి ఒకటి రెండు నిమిషాలు, తర్వాత లోపల ఐదు నుంచి ఎనిమిది నిమిషాల మాట. గంట కొడితే వాక్యం సగంలో ఉన్నా లేవాల్సిందే. మామూలు ఇంటర్వ్యూలో ఒకచోట చెడితే అంతా చెడుతుంది. ఇక్కడ ఒక గది పోయినా పక్క గదిలో కూర్చున్నవాళ్లకు మీ సంగతి తెలియదు. పోయిన గదిని మోసుకుంటూ పక్క గదిలోకి వెళ్లకపోవడమే అసలు సాధన. పశువుల వైద్యం గురించి అడిగేది తక్కువ. తోటి విద్యార్థి కాపీ కొడుతూ కనిపిస్తే, పై డాక్టరు మందు మోతాదు తప్పు రాస్తే, డబ్బుల్లేని మనిషి ఎదురుగా ఏడుస్తుంటే, ఇలా ఉంటాయి.

ఆ ఏడ్చే మనిషి పాత్ర నా కోసం మా అత్తయ్య వేసింది. పిల్లికి మూత్రం బంద్ అయింది, ఆపరేషన్‌కు వేల డాలర్లు అవుతుంది, చేతిలో మూడొందలు ఉన్నాయి, ఇదీ సీను. మొదటిసారి నేను నేరుగా వైద్యం వివరించడం మొదలుపెట్టాను. అత్తయ్య పాత్రలోంచి బయటికొచ్చి "ముందు కూర్చోమని అనవే" అంది. అంతకన్నా మంచి కోచింగ్ నాకెక్కడా దొరకలేదు. ఇప్పుడు "స్పెక్ట్రమ్ ఆఫ్ కేర్" అనే మాట కాలేజీల్లో గట్టిగా వినిపిస్తోంది. ఖరీదైన వైద్యం ఒక్కటే వైద్యం కాదు, ఉన్న డబ్బులో ఏది చేయగలమో అదీ వైద్యమే అని. మీ అమ్మాయికి ఆ మాట తెలిసి ఉండాలి, తన అనుభవంలోంచి ఒక ఉదాహరణా ఉండాలి.

వార్తలు కొంచెం చదువుకోమనండి. 2024 మార్చిలో ఇక్కడి పాడి ఆవుల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. పుండ్లలో పురుగు పట్టించే స్క్రూవార్మ్ ఈగ మధ్య అమెరికా నుంచి మెక్సికోలోకి మళ్లీ వచ్చింది. పశువులకు వాడే ముఖ్యమైన యాంటీబయాటిక్స్ 2023 జూన్ నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మడం లేదు. ఇవి అందరూ చెబుతారు. మనుషుల, జంతువుల, పర్యావరణపు ఆరోగ్యం ఒకదానితో ఒకటి ముడిపడి ఉందనే ఆలోచనను వన్ హెల్త్ అంటారు. "వన్ హెల్త్ అంటే ఏంటి" అని నన్ను అడిగినప్పుడు నేను రాబందుల కథ చెప్పాను. తాతయ్య చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు పడితే ఆకాశం నల్లబడేలా వచ్చేవట. నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొట్టింది. పశువులకు ఆ మందు వాడకూడదని 2006లో భారతదేశం నిషేధించే నాటికే చాలావరకు పోయాయి. కళేబరాలు మిగిలిపోయాయి, ఊరకుక్కలకు తిండి పెరిగింది, దాంతోపాటు రేబిస్ భయం. మన ఊరి కథ అది, ఇక్కడి పిల్లలు ఎవరూ చెప్పలేరు.

"మనుషుల డాక్టరు ఎందుకు కాలేదు?" అన్నది కూడా వస్తుంది. మన పిల్లల మొహంలో ఇక్కడ ఒక చిన్న సిగ్గు కనిపిస్తుంది, తప్పు మనదే. ఫంక్షన్లలో "అయ్యో, మెడిసిన్ రాలేదా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మా పెదనాన్న నన్ను ఇప్పటికీ గొడ్ల డాక్టరనే పిలుస్తాడు, ప్రేమగానే లెండి. ఇంటర్వ్యూ దాకా ఇంట్లో ఆ ఊసు రానివ్వకండి.

ఇక కాలేజీ ఎంపిక. నన్నడిగితే ముందు అప్పు, తర్వాత నాలుగో ఏడాది ఎక్కడ గడుస్తుందన్నది, ఆ తర్వాతే పేరు. లైసెన్సు అన్ని జంతువులకూ ఒకటే, రేపు ఉద్యోగమిచ్చే క్లినిక్కువాళ్లు ర్యాంకు చూసి జీతం పెంచరు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ (పై చదువులకు ఇచ్చే ప్రభుత్వ అప్పు) లేదు. వెట్ లాంటి వృత్తి చదువులకు ప్రభుత్వ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 దాకా. ఏడాదికి ఫీజు, ఇల్లు, తిండి కలిపి 85,000 అయ్యే కాలేజీ అనుకోండి, నాలుగేళ్లకు 3,40,000. మిగతా 1,40,000 ప్రైవేటు బ్యాంకు లోన్, దానికి సంతకం మీరు పెట్టాలి. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ప్రభుత్వ లోన్‌కైనా అర్హత ఉంది. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు అదీ లేదు. విన్ ఫౌండేషన్ అనే పశువైద్యుల సంస్థ సైటులో ఏ కాలేజీకి మొత్తం ఎంతవుతుందో మ్యాపు ఉంది, రెండు కాలేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మిస్సోరి, ఒహాయో స్టేట్ లాంటి చోట్ల బయటి రాష్ట్రం పిల్లలు మొదటి ఏడాది తర్వాత స్థానికుల ఫీజుకు మారే వీలుందని పేరు. ఏ కాలేజీ అయినా ఆ షరతులు ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. నేను రెండు సీట్లలో పేరున్నదాన్ని వదిలి చవకదాన్ని తీసుకున్నాను. ఆ వారం ఏడ్చాను, ఇప్పుడు మాత్రం నెలనెలా వాయిదా కట్టేటప్పుడు నవ్వొస్తుంది.

నాలుగో ఏడాది, అంటే ఆసుపత్రిలో చేత్తో నేర్చుకునే ఏడాది, రెండు రకాలు. పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) లాంటి చోట కాలేజీకి సొంత ఆసుపత్రులుంటాయి: ఫిలడెల్ఫియాలో చిన్న జంతువులకు ఒకటి, కెనెట్ స్క్వేర్ దగ్గర న్యూ బోల్టన్‌లో గుర్రాలకూ పశువులకూ ఒకటి. పొమోనాలోని వెస్టర్న్ యూనివర్సిటీ, అమరిల్లోలో టెక్సాస్ టెక్ లాంటివి పిల్లల్ని బయటి క్లినిక్కులకు పంపుతాయి. స్పెషలిస్టు కావాలనుకుంటే మొదటిది, రోజువారీ ప్రాక్టీసులో చెయ్యి తిరగాలంటే రెండోది కూడా బాగుంటుంది. అయితే నెలకో ఊరు, నెలకో అద్దె, కారు తప్పనిసరి. ఇంటర్వ్యూ రోజు అక్కడి విద్యార్థులతో మాట్లాడనిస్తారు కదా, "ఈ ఏడాది నీ చేత్తో ఎన్ని ఆపరేషన్లు చేశావు" అని అడగమనండి. బ్రోషర్లో ఉండని జవాబు అది.

నావ్లీ (ఇక్కడ పశువైద్యుల లైసెన్సు పరీక్ష)లో పాసైన శాతం ప్రతి కాలేజీ తన సైటులో పెట్టాలి. 80 కంటే తగ్గితే ఏవీఎంఏ (కాలేజీలకు గుర్తింపునిచ్చే అమెరికా పశువైద్యుల సంఘం) ఊరుకోదు. కొత్త కాలేజీలకు ఆ అంకె ఇంకా ఉండదు. మీ రాష్ట్రంలోనే రోవన్ యూనివర్సిటీ వెట్ కాలేజీ 2025లో మొదలైంది, మొదటి బ్యాచ్ బయటికొచ్చేది 2029లో. తాత్కాలిక గుర్తింపు ఉన్నా డిగ్రీకి లోటు లేదు. మొదటి బ్యాచ్‌ల మీద కాలేజీ నేర్చుకుంటూ ఉంటుంది, అంతే. ఇంటి నుంచి వెళ్లొచ్చే వీలుంటే ఆ అద్దె ఆదా చిన్నది కాదు.

కరేబియన్‌లో సెయింట్ కిట్స్‌లోని రాస్‌కూ గ్రెనడాలోని సెయింట్ జార్జెస్‌కూ 2011 నుంచి ఏవీఎంఏ గుర్తింపు ఉంది, ఆఖరి ఏడాది అమెరికా కాలేజీల్లోనూ చెయ్యొచ్చు. చదువుకు వంక పెట్టను, ఖర్చుకు పెడతాను. ఒక్కసారి రాలేదని అక్కడికి పరుగెత్తే ముందు ఒక ఏడాది ఆగి మళ్లీ అప్లై చెయ్యడం మేలని నా అభిప్రాయం. నాకు ఆ ఏడాదే ఎక్కువ నేర్పింది.

బీవీఎస్సీ మాట. మా బాబాయి గన్నవరంలో చదివాడు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఈతలు, పొదుగు వాపులు, గాలికుంటు, అతను చూసినన్ని నేను చూడలేదు. కానీ అక్కడి డిగ్రీకి ఏవీఎంఏ గుర్తింపు లేదు కాబట్టి ఇక్కడికొచ్చాక ఈసీఎఫ్‌వీజీ (విదేశీ డిగ్రీ ఉన్న పశువైద్యుల అర్హత తేల్చే పద్ధతి) దారిన పరీక్షలన్నీ రాసి లైసెన్సు తెచ్చుకునేసరికి ఏళ్లు పట్టింది. అప్పటిదాకా తన కంటే పదేళ్లు చిన్నవాళ్ల దగ్గర టెక్నీషియన్‌గా కుక్కల్ని పట్టుకున్నాడు. ఇండియాలోనే స్థిరపడే ఉద్దేశం ఉంటే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ బంగారం లాంటి కాలేజీలు. తిరిగి ఇక్కడికే రావాలనుకుంటే ఆ దారి చవక కాదు.

సీట్లు రెండూ వస్తే ఏప్రిల్ 15 దాకా గడువుంటుంది, తొందరపడి డిపాజిట్ కట్టేయకండి. ఎంఎంఐకి ఇంకా మూడు వారాలుందన్నారు కదా, ఈ ఆదివారం సాయంత్రం అమ్మాయిని వీడియోలో కూర్చోమనండి. పిల్లిని తెచ్చిన ఆవిడ వేషం ఈసారి నేను వేస్తాను. ఏడుపు మా అత్తయ్య అంత సహజంగా రాదు గానీ, బిల్లు దగ్గర గొడవ మాత్రం బాగా పెడతాను.