బిల్లీ ఐలిష్‌లా ఇంట్లో గదిలోనే పాట చేసి పైకి రావచ్చా? ఏ మైకు కొనాలి?

మీ తమ్ముడు లాప్‌టాప్‌లో బీట్లు చేస్తాడు, పదిహేనేళ్ళ చెల్లి తెలుగులో పాటలు రాసి పాడుతుంది, అమెరికా పాప్ గాయని బిల్లీ ఐలిష్ కూడా ఇంట్లో గదిలోనే మొదలుపెట్టింది కదా, మాకు ఏ మైకు సరిపోతుంది అని అడిగారు. మైకు దగ్గరికి వస్తాను. దానికంటే ముందు, ఆ గది కథ మనదాకా సగమే వచ్చింది. మిగతా సగమే మీకు పనికొచ్చేది.

ఆమెకు పేరు తెచ్చిన ‘ఓషన్ ఐస్’ పాట, ఎవరైనా పాటలు పెట్టుకోగల సౌండ్‌క్లౌడ్ సైట్‌లోకి ఎక్కింది 2015 నవంబరు 18న. బిల్లీకి పద్నాలుగు నిండడానికి ఇంకా నెల ఉంది. ఆ పాట ఆమె రాసింది కాదు. అన్న ఫినియస్ తన బ్యాండ్ కోసం రాసుకుని, చెల్లి గొంతుకే నప్పుతుందని ఆమెతో పాడించాడు. అప్‌లోడ్ చేసింది కూడా ప్రపంచం కోసం కాదు, డాన్స్ టీచరు ఆ పాటకు స్టెప్పులు కట్టడానికి. జనం దాన్ని పట్టుకోవడం అదృష్టమే, కాదనను. కానీ అప్పటికే ఆమె లాస్ ఏంజెలెస్ చిల్డ్రన్స్ కోరస్‌లో ఎనిమిదో ఏటినుంచి పాడుతోంది. ఇద్దరికీ చదువు ఇంట్లోనే, పాట కట్టడం నేర్పింది వాళ్ళమ్మ మ్యాగీ బెయిర్డ్. పద్దెనిమిదేళ్ళ ఫినియస్ చేతిలో అప్పటికే సొంత పాటల మూట ఉంది. గది చిన్నదే గానీ సాధన చిన్నది కాదు.

ఇక చాలామంది చూడనిది, వాళ్ళ నిదానం. డార్క్‌రూమ్, ఇంటర్‌స్కోప్ అనే రికార్డు కంపెనీలతో (లేబుల్స్‌తో) ఒప్పందం 2016లో కుదిరింది. అదే పాటను ఆ ఏడాది నవంబరులో మళ్ళీ అధికారికంగా విడుదల చేశారు. తర్వాత ఒక్కో సింగిల్ వదులుతూ వెళ్ళి, ‘డోంట్ స్మైల్ ఎట్ మీ’ అనే ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న ఆల్బమ్) తెచ్చింది 2017 ఆగస్టులో. అది అమెరికా ఆల్బమ్‌ల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 14వ స్థానానికి చేరింది 2019 జనవరిలో, అంటే పదిహేడు నెలలకు. మొదటి పూర్తి ఆల్బమ్ 2019 మార్చి 29న వచ్చి నేరుగా ఒకటో స్థానంలో నిలిచింది. ‘ఓషన్ ఐస్’ అప్‌లోడ్ నుంచి లెక్కేస్తే మూడేళ్ళ నాలుగు నెలలు. మన దగ్గర పిల్లలు మొదటి పాటకు వ్యూస్ రాలేదని రెండో వారానికే కవర్ సాంగ్స్‌లోకి దిగిపోతారు. ఏడాదికి నాలుగైదు సొంత పాటలు, ఒక్కోదానికి రెండు మూడు నెలల ఎడం. ఈ లెక్కన వెళ్ళమనండి.

సరే, మైకు. తొలినాళ్ళలో వాళ్ళు వాడింది ఆడియో టెక్నికా ఏటీ2020, అప్పట్లో అమెరికాలో సుమారు వంద డాలర్ల సరుకు. ఆల్బమ్ నాటికి న్యూమన్ టీఎల్ఎం 103కి మారారు. తేడా ఎక్కడంటే, మైకు తనలో తాను చేసే సన్నటి రొద మొదటిదానిలో 20 డెసిబెల్స్, రెండోదానిలో 7. గుసగుసగా పాడే గొంతును కంప్రెసర్‌తో (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే సాధనం) పైకి లేపినప్పుడు ఆ రొద కూడా లేస్తుంది. అయితే మన ఇంట్లో సీలింగ్ ఫ్యాన్, ఫ్రిజ్, వీధిలో ఆటోలు ఉండగా ఆ 13 డెసిబెల్స్ తేడా ఎవరికీ వినపడదు. కాబట్టి ఏటీ2020 చాలు. దానికి 48 వోల్ట్ల ఫాంటమ్ పవర్ (మైకు పనిచేయడానికి కేబుల్ ద్వారానే అందే కరెంటు) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ‘ప’, ‘బ’ల ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కావాలి. మిగిలిన డబ్బు దాచుకోండి.

ఫ్యాన్ ఆపి, రాత్రి పదకొండు దాటాక రికార్డు చేయండి. ఈ మైకు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకని బొంతలు, దుప్పట్లు మైకు వెనకాల కంటే పాడే మనిషి వీపు వెనక వేలాడదీస్తేనే లాభం. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించడం దండగ. మెల్లగా పాడేటప్పుడు మైకుకు బెత్తెడు దూరం, గొంతెత్తినప్పుడు జానెడు. దగ్గరయ్యేకొద్దీ గొంతులో మంద్ర ధ్వని బరువు పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో 80 నుంచి 100 హెర్ట్జ్ కంటే కిందున్న ధ్వనిని కోసేస్తే తేలికపడుతుంది. 24 బిట్‌లో, అత్యంత గట్టి చోట కూడా మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెట్టండి. ఒక్క టేక్‌తో సరిపెట్టకండి. చరణానికి పది పన్నెండు పాడించి, పాదం పాదం ఏరి కలపాలి.

ఇక్కడ ఇంగ్లీషుకు లేని చిక్కు తెలుగుకు ఉంది. మన మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. ఊపిరి కలిపి మెత్తగా పాడితే పాదం చివరి అచ్చు గాలిలో కలిసిపోతుంది. ‘వెళ్ళావు’ అన్నా ‘వెళ్ళా’ అన్నా ఒకలాగే వినిపించి అర్థమే మారిపోతుంది. కంప్రెసర్ మీద వదిలేయకుండా ప్రతి పాదం తోకనూ విడిగా రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవాలి. ఒత్తక్షరాలు కూడా అలాగే జారిపోతాయి. పాడేటప్పుడే కాస్త నొక్కమనండి, తర్వాత ఏ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ పనిముట్టు) దాన్ని తిరిగి తేలేదు.

మరో మాట. గదిలో చేశారంటారు గానీ ఆ మొదటి ఆల్బమ్‌ను మిక్స్ చేసింది (గొంతు, వాద్యాల పాళ్ళు కుదిర్చింది) రాబ్ కినెల్స్కీ, మాస్టరింగ్ (విడుదలకు ముందు ఆఖరి మెరుగు) జాన్ గ్రీన్‌హామ్. మీకూ బయటి చెవి ఒకటి కావాలి. తమ్ముడు వందసార్లు విన్న పాటలో గొంతు ఎంత కిందికి పోయిందో తమ్ముడికి తెలియదు.

విడుదలకు నాలుగు వారాల ముందే ఫైలు డిస్ట్రిబ్యూటర్‌కు (పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సంస్థ) ఇవ్వండి. స్పాటిఫైలో ప్లేలిస్ట్ ఎడిటర్లకు పంపాలంటే పాట ఇంకా విడుదల కాకుండా ఉండాలి, కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. నెట్‌లో దొరికిన ఉచిత లూప్ వాడితే దాని లైసెన్సు కాపీ దాచుకోండి. లేకపోతే యూట్యూబ్‌లో ఎవరో మీ పాటనే తమదని క్లెయిమ్ వేస్తారు.

మీ చెల్లి మైనరు. మన దేశంలో మైనరు తానుగా చేసుకున్న ఒప్పందం చెల్లదు కాబట్టి సంతకాలు, బ్యాంకు ఖాతా అమ్మానాన్నల పేరు మీదే. కాలిఫోర్నియాలో అయితే ఇలాంటి పిల్లల సంపాదనలో 15 శాతం వాళ్ళ పేరున విడిగా దాచే చట్టం ఉంది. ఇక్కడ ఆ పని మీరే చేయాలి. ఏ లేబుల్ వాళ్ళైనా వస్తే ‘ఎక్స్‌క్లూజివ్’ (వాళ్ళతో తప్ప ఇంకెవరితో పనిచేయకూడదనే షరతు) ఎన్నేళ్ళు, తర్వాతి పాటల మీద వాళ్ళకు హక్కు ఉందా అన్న రెండు చోట్లా వకీలుతో చదివించండి. అంతకంటే ముందు, మొదటి పాట బయటికి రాకముందే, సాహిత్యంలో ఎవరి వాటా ఎంత, బాణీలో ఎంత అని అన్నాచెల్లెళ్ళిద్దరి చేతా కాగితం మీద రాయించి తేదీ వేయించండి. రేపు ఐపీఆర్ఎస్‌లో (పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలు వసూలు చేసి ఇచ్చే సంస్థ) సభ్యత్వం తీసుకుని పాట నమోదు చేసేటప్పుడు అడిగేది ఆ శాతాలే.