ఆ ఐదు వారాలు ఎక్కడికి పోయాయి?

తమ్ముడూ,

మొదటి ప్రపంచ యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, పడ్డ కష్టం కనిపిస్తోంది. కారణాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బడి పుస్తకం మాట్లాడుతోంది. సైనికవాదం, కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం. నాలుగూ నిజమే. కానీ ఆ నాలుగూ 1912లో ఉన్నాయి, 1913లోనూ ఉన్నాయి. ఆ రెండేళ్లలో బాల్కన్‌లో రెండు యుద్ధాలు జరిగాయి, అయినా యూరప్ అంతా అంటుకోలేదు. మరి 1914లోనే ఎందుకు? ఆ ప్రశ్న నువ్వు అడగలేదు.

సరయేవోలో ప్రిన్సిప్ అనే సెర్బ్ యువకుడు ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపింది జూన్ 28న. బ్రిటన్ యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. మధ్యలో ఉన్న ఐదు వారాలనూ నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. జులై 5న జర్మనీ చక్రవర్తి విల్హెల్మ్, మీరేం చేసినా మేం వెనక ఉంటామని ఆస్ట్రియాకు మాటిచ్చాడు. 23న ఆస్ట్రియా 48 గంటల గడువు పెట్టి సెర్బియాకు షరతులు పంపింది. సెర్బియా చాలావరకు ఒప్పుకుంది. అయినా 28న యుద్ధం ప్రకటించారు. సెర్బియాకు అండగా నిలిచిన రష్యా చక్రవర్తి, జార్, 29 రాత్రి మొత్తం సైన్యాన్ని కదిలించే ఉత్తర్వును తనే ఆపించాడు, 30న మళ్లీ తనే ఒప్పుకున్నాడు. ఒక్కో తేదీ దగ్గర ఆగు. ఆ రోజు ఆ మనిషి ఇంకో పని చేయగలిగేవాడా అని అడుగు.

ఆగస్టు 1 సాయంత్రం గురించి తప్పకుండా రాయి. ఫ్రాన్స్ జోలికి వెళ్లకపోతే బ్రిటన్ తటస్థంగా ఉంటుందన్న కబురేదో వచ్చిందని జర్మనీ చక్రవర్తి సంబరపడి, సైన్యాన్నంతా తూర్పుకి, రష్యా వైపు తిప్పమన్నాడు. సేనాధిపతి మోల్ట్‌కే కుదరదన్నాడు. ముందు ఫ్రాన్స్ మీదికి వెళ్లాలని ఏళ్ల తరబడి వేసుకున్న ప్రణాళిక అది. ఏ రైలు ఏ నిమిషానికి ఏ వంతెన దాటాలో ముందే రాసిపెట్టి ఉంది. కొలోన్ దగ్గర రైన్ నది వంతెన మీద దాదాపు పది నిమిషాలకో రైలు చొప్పున వెళ్లాలి. ఇప్పుడు మారిస్తే మిగిలేది సైన్యం కాదు, తిండీ తిప్పలూ లేని మూక అన్నాడు. మీ పెదనాన్న అయితే ఇంకో జవాబు చెప్పేవాడని చక్రవర్తి అతన్ని దెప్పాడు. ఆ పెదనాన్న 1870లో ఫ్రాన్స్‌ను ఓడించిన సేనాధిపతి. అసలు సంగతేమిటంటే, ఆ రైళ్ల విభాగం చూసిన అధికారే యుద్ధం తర్వాత, తిప్పగలిగేవాళ్లమేనని లెక్కలు చూపించి వాదించాడు. 'రైల్వే టైంటేబుల్ వల్ల యుద్ధం ఆగలేదు' అని చాలామంది రాస్తారు. నువ్వు రాయకు. టైంటేబుల్‌ను అడ్డం పెట్టుకుని కుదరదన్నది ఒక మనిషి.

పర్యవసానాల్లోనూ ఇదే ఇబ్బంది. యుద్ధం ముగిశాక జర్మనీ మీద రుద్దిన వెర్సాయి ఒప్పందం నుంచి గీత గీసినట్టు తిన్నగా హిట్లర్ దగ్గరికి వెళ్లిపోయావు. ఒప్పందం మీద జర్మన్ల కోపం నిజమే, 1921లో వేసిన 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారమూ నిజమే. కానీ 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చినవి 2.6 శాతం ఓట్లు. రెండేళ్లలో అది 18 శాతం దాటింది. మధ్యలో 1929 ఆర్థిక మాంద్యం ఉంది. ఆపైన 1933 జనవరిలో హిట్లర్‌ని గద్దె మీద కూర్చోబెట్టిన పెద్దమనుషులున్నారు. వాళ్లని నీ వ్యాసంలోంచి తప్పించావంటే చరిత్రలోంచి కూడా తప్పించినట్టే. నాకు నచ్చనిది అదే.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ గురించి రాసింది చాలా బాగుంది. ఇంకొంచెం పెంచు. బ్రిటిష్ నౌకాదళం దారులు మూసేసి చిలీ నుంచి మందుగుండుకు కావలసిన నైట్రేట్ రాకుండా చేస్తే, గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేసే ఆయన పద్ధతే జర్మనీ మందుగుండుకు దిక్కయింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర శత్రువుల మీదికి క్లోరిన్ విషవాయువు వదిలినప్పుడు ఆయన దగ్గరుండి చూసుకున్నాడు. 1918 సంవత్సరానికి నోబెల్ కూడా ఆయనకే. మన రైతు పొద్దున్నే లైన్లో నిలబడి తెచ్చుకునే యూరియా బస్తాకి మూలం ఆ అమ్మోనియానే. ఈ మాట చెప్పి వదిలేయి, వ్యాఖ్యానం వద్దు.

మన దేశం సంగతి చివర్లో మొక్కుబడిగా పెట్టావు. దాదాపు 13 లక్షల మంది మన దేశం నుంచి వెళ్లారు. హైదరాబాద్ సంస్థానం ఆశ్వికదళం పాలస్తీనా దాకా పోయింది. ఫ్రాన్స్ నుంచి మన సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాలను సెన్సారు వాళ్లు తెరిచి, అనువదించి దాచారు. అవి దొరుకుతాయి, చదువు. సెన్సారు కన్ను కప్పడానికి కొందరు భారతీయ సైనికులను మిరియాలనీ, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలనీ రాసుకున్నారు. మిరియాలు అయిపోవస్తున్నాయని ఇంటికి కబురు పంపిన మనిషి ఎలాంటి టెన్షన్‌లో ఉండి ఉంటాడో ఆలోచించు. ఇంత చేసినందుకు 1919 మార్చిలో ముట్టింది రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. అవి కూడా యుద్ధం వల్ల వాటంతటవే వచ్చిపడలేదు. సంతకం పెట్టినవాడు ఉన్నాడు, కాల్చమన్నవాడు ఉన్నాడు.

జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని బర్మా ఆయిల్ ట్యాంకులను పేల్చిన పేరాని మొదట్లో పెట్టాలని ఉందన్నావు. వద్దు, ఉన్నచోటే ఉండనీ. ముందు జులై భాగం తిరగరాయి. నాలుగు పేజీలైనా ఫరవాలేదు. వెర్సాయి తర్వాత కోయడానికి బోలెడుంది. ఆ భాగం అయ్యాక మిగతాదాని కోసం ఆగకుండా నాకు పంపు.

ఆశీస్సులతో,
అక్క