ఎక్సెల్‌ల ఎక్కియ్యకముందు

బిడ్డా,

వడ్ల కొనుగోలు సెంటర్ల కంప్యూటర్ పని దొరికిందని మీ నాయిన చెప్పిండు. రైతుల లిస్టు టెక్స్ట్ ఫైలుగ వస్తే, రాత్రిదాక కూసోని లైనుకు లైను ఎక్సెల్‌ల కొడుతున్నవట. ఎందుకమ్మా గా తిప్పలు? టెర్మినల్ తెరువు, గదే కమాండ్‌లు టైపు చేసే నల్ల కిటికీ. కింద చెప్పే టీఆర్, సెడ్, ఆక్, కట్, డబ్ల్యూసీ అన్నీ అండ్ల నడిచే చిన్న చిన్న కమాండ్‌లే.

అసలు ఫైలు ముట్టకు, కాపీ మీద చెయ్యి. చదువుతున్న ఫైలు పేరే మళ్ల, ఫలితాన్ని ఫైలుల రాసే బాణం గుర్తు (>) తర్వాత రాసేవు, కమాండ్ నడవకముందే షెల్, అంటే కమాండ్‌లు నడిపించే ప్రోగ్రాం, దాన్ని ఖాళీ చేస్తది.

విండోస్ నుంచి వచ్చిన ఫైలైతే లైను చివర కంటికి కనవడని కారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉంటది, అక్షరాలు తీసేసే టీఆర్ (tr)తోని తీసెయ్. కాలమ్‌ల నడుమ కామా వద్దు, ట్యాబ్ పెట్టు. ఊరు, మండలం నడుమ ముందే కామా ఉంటది, కాలమ్‌లన్నీ పక్కకు జరుగుతయి. రెండు, అంతకంటె ఎక్కువ స్పేసులున్న కాడ ట్యాబ్ పెట్టమని, ఒకదాని జాగల ఇంకోటి పెట్టే సెడ్ (sed)కు చెప్పు. ఒంటి స్పేసు జోలికి పోకు, ఇంటిపేరుకు పేరుకు నడుమ ఉండేది అదే. ఇగ ప్రతి లైనుల కాలమ్‌లు ఎన్నున్నయో, కాలమ్‌ల లెక్కలు చేసే ఆక్ (awk)తోని లెక్కపెట్టియ్యి, తక్కువ వచ్చిన లైన్లే కండ్లతోని చూసుకో. లైనుల ముక్క కోసే కట్ (cut)తోని మాత్రం అక్షరాల లెక్కన కొయ్యకు. చానా లైనక్స్‌లల అది బైట్లు లెక్కపెడతది, అక్షరాలను కంప్యూటర్ల దాచే పద్ధతి యూటీఎఫ్-8ల తెలుగు అక్షరానికి కనీసం మూడు బైట్లు. పేరు నడుమల తెగుతది.

అసలు తకరారు భూమి కాలమ్ కాడ. మనకు ఎకరానికి 40 గుంటలు, 2.10 అంటే రెండెకరాల పది గుంటలు. ఎక్సెల్ దాన్ని దశాంశం అనుకొని సున్నా మింగి 2.1 చూపిస్తది, చూసినోడు ఒక్క గుంట అనుకుంటడు. కూడితే ఇంకా ఆగం. 1.30, 1.20 కలిపితే 2.50 అంటది, మనకు రావాల్సింది మూడెకరాల పది గుంటలు. అందుకే ఆక్‌లనే చుక్క కాడ విడగొట్టి, ఎకరాలను 40తోని గుణించి, గుంటలు కలిపి వేరే కాలమ్ పెట్టు. మొత్తం గుంటల్లనే కూడు. ఆఖరుకు 40తోని భాగిస్తే వచ్చేది ఎకరాలు, మిగిలేది గుంటలు. 1977 నాటి ప్రోగ్రామని ఆక్‌ను చిన్నచూపు చూడకు, గిసొంటి పనికి నేనింకోటి వాడను.

తయారైన ఫైలును డబుల్ క్లిక్ చెయ్యకు. సర్వే నంబరు 12/3 తారీఖై కూసుంటది, ఖాతా నంబరు ముందటి సున్నాలు పోతయి, ఆధార్ నంబరు ఈ ప్లస్ 11 (E+11) అని పొట్టిగైతది. డేటా మెనూల నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ మూడు కాలమ్‌లకు, 2.10 అని ఉన్న భూమి కాలమ్‌కు టెక్స్ట్ అని పెట్టు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలె, లేకుంటే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలే.

లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ (wc)తోని పాత ఫైలు లైన్లు, కొత్త ఫైలు లైన్లు చూసుకో. తేడా వస్తే వడ్ల లారీ వెంట పంపే ట్రక్ షీటు రాయకముందే నాకు ఫోన్ కొట్టు.

మీ పెద్దనాయిన,
మిర్యాలగూడ