నెబియోలో నాటే ముందు ఒక మాట

చిట్టీ,

ఆస్ట్రేలియాలోని కింగ్ వ్యాలీలో ద్రాక్షతోట కౌలుకు తీసుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. తిడుతూనే ఎంత మురిసిపోయాడో! నా పరిస్థితీ అదే. అదే లోయలో వైనరీ ల్యాబ్‌లో అన్నేళ్లు పనిచేసిన మేనత్తను పెట్టుకుని, కాగితాల దాకా వెళ్లి కూడా ఒక్క మాట అడగలేదు చూడు! ఆ తగువు కలిసినప్పుడు తేల్చుకుందాం.

నీటి హక్కులు కౌలు పత్రంలో రాయించుకో. పిట్టలకు వలలు ముందే కొను. ఆ లోయలో ద్రాక్ష వేళ్లను చంపే ఫిలాక్సెరా పురుగు ఉంది కాబట్టి అమెరికన్ వేరు మీద కట్టిన అంట్లే నాటు. ఎవరి యంత్రాన్నీ, నీ బూట్లతో సహా, శుభ్రం చేయకుండా లోపలికి రానివ్వకు.

ఇక నెబియోలో అనే ఎర్రద్రాక్ష మీద నీ పిచ్చి. విట్‌లాండ్స్ మీద వేస్తానన్నావట. వద్దు. లోయ అడుగున మిలావా ఊరి దగ్గర నేల సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తుంటే, విట్‌లాండ్స్ పీఠభూమి 800 దగ్గర ఉంటుంది. వంద మీటర్లు ఎక్కితే అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. నెబియోలో అందరికంటే ముందు చిగురిస్తుంది, అందరి తర్వాత పండుతుంది. పైన వేస్తే మొదట మంచు కాటు, చివర పచ్చి వగరు. దానికి కింద వాలు చూసుకో, సాంజొవేజీ, బార్బెరా లాంటి ఎర్రద్రాక్ష రకాలు ఉన్నచోట. పైన షార్డొనే, పినో న్వార్ వెయ్యి. వాటి పులుపు నిలుస్తుంది, సీసాలోనే బుడగలు పట్టే స్పార్క్లింగ్ వైన్‌కు కావలసింది అదే.

నన్నడిగితే బుడగల వైన్‌కు వాడే ప్రొసెక్కో ద్రాక్ష కూడా కొంత ఉండాలి. పొగాకు సాగు చేసుకునే ఇటాలియన్ కుటుంబాలు ద్రాక్షకు మళ్లిన లోయ అది. ఆ దేశంలో మొదటి ప్రొసెక్కో తీగలు 1999లో ఓట్టో డాల్ జోట్టో అక్కడే నాటాడు. మూసిన ట్యాంకులో బుడగ పట్టించి ఆ ఏడే అమ్ముకోవచ్చు, డబ్బు తొందరగా తిరుగుతుంది. కాకపోతే 2009లో ఇటలీ ఆ ద్రాక్ష పేరు గ్లేరా అనేసింది. యూరప్‌కు పంపే సీసా మీద ప్రొసెక్కో అని వేయలేవు.

అసలు నన్ను నిద్రపోనివ్వనిది పొగ.

2006 డిసెంబరులో కొండల మీద అడవి అంటుకుని 69 రోజులు కాలింది. లోయ నిండా పొగ. ద్రాక్ష రంగు తిరిగాక పట్టిన పొగ మరీ ప్రమాదం. మా యజమాని రోజూ తోటలో తిరిగి పండు నోట్లో వేసుకునేవాడు. తియ్యగా ఉంది, పొగ జాడే లేదు, కడిగితే పోతుందిలే అన్నాడు. సాంజొవేజీ మొత్తం కోయించాడు, తొక్కలతో ట్యాంకుల్లోకి ఎక్కించాడు. పొగలోని గ్వాయకాల్ లాంటి వాసన రసాయనాలు పండులోకి దిగి చక్కెరతో ముడిపడిపోతాయి. అలా ముడిపడి ఉన్నప్పుడు నాలుకకు దొరకవు, నీళ్లకు పోవు. పులిసేటప్పుడు ఆ ముడి విడుతుంది. సగం పులిశాక నమూనా తీసి నోట్లో పోసుకున్నాను. చల్లారిన పొయ్యిలో బూడిద నాకినట్టుంది. ఆయన తాగి, నాకేం తెలియట్లేదే అన్నాడు. నిజమే, కొందరి నోటికి అది అందదు. చివరికి ఆ ట్యాంకులన్నీ పారబోశాం. కోత కూలీ, ఈస్ట్, కరెంటు, అన్నీ అదనపు నష్టం. 2020లో పొగ వచ్చినప్పుడు లోయలో చాలామంది కోతే పెట్టుకోలేదు, గుండె రాయి చేసుకుని.

అందుకని పొగ పట్టిన ఏడు కోతకు రెండు వారాల ముందు నాలుగు మూలల నుంచీ గుత్తులు తెంపు. తొక్కలతో చిదిమి బకెట్‌లో పులియబెట్టు. అది నలుగురి చేత రుచి చూపించి, కొంత ల్యాబ్‌కు పంపు. ఎర్రవైన్‌కు పనికిరాదని తేలితే, తొక్క తగలకుండా మెల్లగా పిండి, లేత గులాబీ రంగు రోజే వైన్ అవుతుందేమో చూడు. అదీ కాకపోతే తీగ మీదే వదిలెయ్. ఏడవకు.

చిన్నప్పుడు దీపావళి పొగకే నీకు ఆయాసం వచ్చేది, రాత్రంతా నిన్ను భుజాన వేసుకుని తిరిగేదాన్ని. అక్కడ ప్రభుత్వ విపత్తు సమాచార సేవ విక్‌ఎమర్జెన్సీ నుంచి హెచ్చరిక రాగానే పంపు, ట్రాక్టర్ అని చూడకుండా ఇన్‌హేలర్ తీసుకుని దిగిపో. తోట నీది కాదు, కౌలుది. ఊపిరితిత్తులు నీవి.

ఫిబ్రవరిలో వస్తాను. మూతలున్న ఫుడ్ గ్రేడ్ బకెట్లు కొనిపెట్టు, పెయింట్ డబ్బాలు కడిగి పెట్టావంటే ఊరుకోను.

మీ అత్త